వాటాల్లో పడిన గుహ

పాలకొల్లులో మా అత్తవారిది పాత కాగితాల వ్యాపారం. రేవు నుంచి లారీల్లో మూటలు దిగేవి. విదేశాల్లో ఎవరో చదివి పారేసిన పేపర్లూ పత్రికలూ అన్నమాట. వాటిని రకాలవారీగా విడదీసి కిరాణా కొట్లకీ, బజ్జీల బళ్లకీ తూకానికి వేసేవాళ్లం. విడదీసే పని ఇంట్లో ఆడవాళ్లది. అత్తయ్యగారు, పెద్ద కోడలు, చిన్న కోడలు. చిన్న కోడల్ని నేను. ఇంగ్లీషులో బి.ఏ. చదివిన పిల్లని పెళ్లిచూపులప్పుడు మురిసిపోయారు గానీ, ఆ చదువుకి ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం ఏ కాగితం నూనె పీలుస్తుందో చూసి చెప్పడం.

ఒకసారి ఒకే మూటలో ఒకే రకం పత్రికలు ఇరవై నాలుగు వచ్చాయి. అట్టల మీద రెక్కలున్న పాములు, పొడుగాటి కత్తులు, చలిదేశంలో ఉండి కూడా సరిపడా బట్టలు కట్టుకోని ఆడవాళ్లు. కాగితం నున్నటిది, చుక్క నూనె పీల్చదు. మావయ్యగారు ఒకటి తిరగేసి, "మిరపకాయ బజ్జీకి పనికిరాదు" అని పక్కన పడేశారు. ఆ పత్రికల మీద నేను విన్న మొదటి సమీక్ష అదే. ఇన్నేళ్లలో రెండోది వినలేదు.

వారం రోజులు కూర్చుని చదివితే సంగతి అర్థమైంది. అవి ఒక ఆట గురించి. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు: ఇదిగో గుహ, ఇదిగో తలుపు, కాపలాగా ఒక రాక్షసుడు. మిగతావాళ్లు తలా ఒక వేషం ఎంచుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. అసలు నియమాల పుస్తకం వేరే ఉందట. అది మా మూటలో రాలేదు. మాకు వచ్చినవల్లా పాఠకుల ఉత్తరాలు. వాటిలో జనం నియమాల గురించి పేజీల కొద్దీ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటల్లోంచే నేను నియమాలు ఏరుకున్నాను. అందుకేనేమో మా ఆటలో మొదటి నుంచీ పోట్లాట పాలు ఎక్కువ.

పాచికకి ఇరవై ముఖాలుండాలని రాశారు. బజారంతా తిరిగాను. ఒక ఫ్యాన్సీ షాపాయన, "అన్ని ముఖాలుంటే దాన్ని గోళీ అంటారండి" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారు అష్టాచెమ్మా గవ్వలు తెచ్చి చాప మీద పోశారు. ఆరు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం. అలా మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం ఆడటం మొదలుపెట్టాం. కథ చెప్పేది నేను. నా తోటికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ, కత్తి తిప్పే వీరవనిత. నిజానికి అక్కయ్య బల్లిని చూస్తే పీట ఎక్కుతుంది.

అత్తయ్యగారు మాత్రం ఏ వేషమూ వేయనన్నారు. "నేను నేనే. ఊరికే మీతో వస్తాను" అన్నారు. మొదటి రోజే గుహ ముందు పంది మొహం రాక్షసుడు గొడ్డలితో అడ్డం వచ్చాడు. అక్కయ్య కత్తి దూసింది. అత్తయ్యగారు ఆగమని చెయ్యెత్తి, "ఏమండీ, మీదే ఊరండి?" అని అడిగారు.

రాక్షసుడి ఊరు పత్రికలో ఇవ్వలేదు. కథ చెప్పేదాన్ని కాబట్టి ఏదో ఒకటి చెప్పక తప్పదు. "జంగారెడ్డిగూడెం వైపండి" అన్నాను. అత్తయ్యగారు నాలుగు ప్రశ్నల్లో వాడి ఇంటిపేరు, మేనమామ, మేనమామ వియ్యంకుడు, అన్నీ లాగారు. అయిదో ప్రశ్నకి వాడు ఆవిడకి మరిది వరసయ్యాడు. "వరస కలిశాక కత్తి ఎలా దూస్తామే? లోపల పెట్టు" అని అక్కయ్యని కసిరారు. అప్పటినుంచి మా ఆటలో అదొక నియమం. పత్రికలో ప్రతి రాక్షసుడికీ బలమెంత, వేగమెంత అని పట్టిక ఉంటుంది. దాని పక్కన పెన్సిల్‌తో చుట్టరికం అని ఇంకో గడి గీసుకున్నాను.

అలా రెండేళ్లు ఆడాం. నా పక్కన కూర్చుని అక్కయ్య కూడా ఆ ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఆ రెండేళ్లు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అత్తవారింట్లో సంతోషంగా ఉన్నానని చెబితే మా పుట్టింటివాళ్లు ఏదో దాస్తున్నాననుకునేవారు.

తర్వాత మావయ్యగారు పోయారు. అన్నదమ్ములు వేరుపడదామనుకున్నారు, మంచిగానే. ఆ పంపకాలకి ముందు రోజు అక్కయ్య వీరవనిత గుహలో ఒక నూతి మీంచి దూకాల్సి వచ్చింది. మూడు పడితే దాటుతుంది. గవ్వలు వేసింది. రెండు వెల్లకిలా పడ్డాయి, మూడోది చాప అంచుకి ఆనుకుని ఏటవాలుగా నిలబడింది. వెల్లకిలా అంటే వెల్లకిలా, బోర్లా అంటే బోర్లా. అక్కయ్య మళ్లీ వేస్తానంది. నేను ఒప్పుకోలేదు. రెండే పడ్డాయన్నాను. వీరవనిత నూతిలో పడి చచ్చిపోయింది.

"కావాలనే చంపావు" అంది అక్కయ్య.

"నియమం అండి" అన్నాను. అలాంటి నియమమేమీ లేదు. పత్రికలో ఒకాయన ఉత్తరం రాశాడు, పాచిక వాలితే మళ్లీ వేయించాలని. అది నాకు బాగా గుర్తుంది. కథ చెప్పేది నేను కదా, నా మాటే చెల్లాలనిపించింది. అంతే.

ఆ రోజు నుంచి అక్కయ్య నాతో మాట్లాడలేదు. వాటాల దగ్గర తేడా వచ్చిందని ఊరంతా అనుకున్నారు. అసలు కారణం చెప్పుకోవడం కంటే అదే మర్యాదగా ఉందని ఇద్దరం ఊరుకున్నాం. పంపకాల్లో మా ఆయనా బావగారూ పత్రికల్ని కూడా పంచారు. చూడకుండా ఒకటి అటూ ఒకటి ఇటూ వేశారు. మేం ఆడుతున్న గుహ కథ నాలుగు సంచికల్లో వరసగా వచ్చింది. ఒకటీ మూడూ మా వాటాకి వచ్చాయి. రెండూ నాలుగూ రెండు వీధుల అవతల అక్కయ్య ఇంటికి పోయాయి.

అత్తయ్యగారిని కూడా వంతులేసుకున్నారు. ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ.

మొదటి నెల మా ఇంటికి రాగానే సంచి దింపి, "మీ అక్క అడిగిందే. కప్ప విగ్రహం నోట్లో ఏముందో నీ పుస్తకంలో చూసి చెప్పాలట" అన్నారు.

"ఆవిడకి నోరు లేదా?" అన్నాను.

"మొహం చెల్లక నాతో చెప్పించింది. పాపం బతిమాలింది" అన్నారు.

బతిమాలిందనేసరికి మెత్తబడ్డాను. చూసి చెప్పాను. తర్వాత నెల ఇంకొకటి. రెండో సంచికలో సంగతులు నాకు చేరవేసేవారు, నావి అటు తీసుకెళ్లేవారు. మెట్ల లెక్కతో సహా అన్నీ నోటికి పట్టేవారు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి కోడలి చేత కథ చెప్పించుకుని గుహలో తనే ముందుకి నడిచేవారు. అక్కయ్య గీసిన గుహ పటం కూడా ఒకసారి తెచ్చి చూపించారు, నేను గీసింది అటు పట్టుకెళ్లారు. అలా నాలుగేళ్లు గడిచాయి. వీధిలో ఎదురైతే అక్కయ్య తల తిప్పుకునేది, నేను కూరగాయల బండి వైపు చూసేదాన్ని. ఇంట్లో మాత్రం, మనసులో నామీద కోపం పోయుంటుంది, లేకపోతే ఇన్నిసార్లు అడిగి పంపుతుందా అనుకునేదాన్ని. అయినా నేను వెళ్లలేదు. ముందు ఆవిడ రావాలనుకున్నాను.

అత్తయ్యగారు ఈ ఏడాది పోయారు. మా వంతులో, నెల మధ్యలో. కాఫీ తాగి మంచం మీద ఒరిగారు, అంతే. గుహలో, మూడో సంచికలో వచ్చే ఇనప తలుపు దాకా వచ్చి ఉన్నారు.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, ఆవిడ పెట్టె సర్దడానికి అక్కయ్యా నేనూ వసారాలో కూర్చోవాల్సి వచ్చింది. చీరల మధ్య నా పటం ఒకటి, అక్కయ్య పటం ఒకటి మడతపెట్టి ఉన్నాయి. అక్కయ్య తన పటం విప్పి చూస్తూ, నాలుగేళ్ల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"నువ్వంత బతిమాలి అడిగావని గీసి పంపాను. అర్థమైందా నీకు?"

"నేనెప్పుడు అడిగానండి? మీరే కదా ప్రతి నెలా అడిగి పంపేవారు."

"నేనా? నీ మాట ఎత్తితే నాకు అన్నం సహించేది కాదు. నువ్వు అడుగుతున్నావని, ఏడుస్తున్నావని అత్తయ్యగారే చెప్పేవారు."

"ఏడుస్తున్నానని కూడా చెప్పారా?"

"రెండుసార్లు."

నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఏడుపు వచ్చి ఆగలేదు. ఏడిచింది ముసలావిడ కోసమా, మేం పారేసుకున్న నాలుగేళ్ల కోసమా అంటే రెండోదానికే ఎక్కువ. అక్కయ్య ఏడవలేదు. పటం మడతలు అరచేత్తో సాపు చేసింది.

"సరే" అంది. "ఇది నేనే అడుగుతున్నాను. ఆ ఇనప తలుపు వెనకాల ఏముందో చెప్పు."

లేచి లోపలికెళ్లి మూడో సంచిక తెచ్చాను.