సీ డ్రైవ్‌లో ఉండిపోయిన మాటలు

బాబాయ్‌గారు పోయారని ఫోన్ వచ్చేసరికి ఆయన కంచం మా బల్ల మీద పెట్టి ఉంది. ఆ రోజు శుక్రవారం, వారం వారం ఆయన మా ఇంట్లో భోంచేసే రోజు. ఆయన పళ్ళు బాగాలేవని అమ్మ చిక్కుడుకాయ కూర మరీ మెత్తగా ఉడికించింది. ఫోన్ చేసింది ఆయన గదిలో ఉండే డ్రైవర్ అన్న. నాన్న "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి, ఫోన్ పెట్టేసి, వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తినడానికి కడుక్కున్నాడో, ఇంక తినేది లేదని కడుక్కున్నాడో నాకు తెలియలేదు. అమ్మ కంచం తీసేసింది.

ఆయన ఎవరో మీలో ఎవరికీ తెలిసి ఉండదు. నలుగురికీ తెలిసేంత పని ఆయన ఏదీ చేయలేదు. మాకు రక్తసంబంధం కూడా కాదు. నాన్నా ఆయనా ఒకే కంపెనీలో చేరి, కొన్నేళ్ళు కంపెనీ లేబర్ క్యాంపులో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు. తర్వాత నాన్నకి దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం దొరికి మమ్మల్ని తెచ్చుకున్నాడు. బాబాయ్‌గారు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో స్టోర్‌కీపర్‌గా ఉండిపోయారు. ఆ జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. పిన్ని కాకినాడలోనే ఉండేది. వాళ్ళకి పిల్లలు లేరు.

మెట్రో రైలు కొత్తగా వచ్చిన ఏడాది నేను కాన్వెంట్ హాస్టల్ నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాను. సిస్టర్లు నాకు మంచి ఇంగ్లీషూ, తల వంచుకుని నడవడమూ నేర్పి పంపించారు. ఇంటికి ఎవరు వచ్చినా పుస్తకం పట్టుకుని లోపలికి పోయేదాన్ని. బాబాయ్‌గారు నన్ను బయటికి రమ్మని ఎప్పుడూ పిలవలేదు. సెలవు ముగించుకుని ఊరి నుంచి వచ్చేవాళ్ళ సామానులో పచ్చడి సీసాలకి తెలుగు పేపర్లు చుట్టి ఉంటాయి కదా, క్యాంపులో అవి అడిగి తీసుకుని, అరచేత్తో సాపు చేసి, మడతపెట్టి తెచ్చి, గుమ్మం పక్క కుర్చీలో పెట్టేవారు. నూనె మరకల మధ్య నేను సగం సగం కథలు చదివేదాన్ని. ఒకసారి ఒక కథకి చివరి భాగం లేదు. ఉండబట్టలేక బయటికి వచ్చి అడిగాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆయన కాసేపు ఆలోచించి, ఆ సీసా పక్క గదివాళ్ళ దగ్గర ఉందనీ, వచ్చే వారం తెస్తాననీ అన్నారు. తెచ్చారు.

తర్వాత నేను ఒక స్కూలు లైబ్రరీలో ఉద్యోగానికి వెళ్తే, ఇంటర్వ్యూకి నాన్నకి సెలవు దొరక్క ఆయనే తీసుకెళ్ళారు. బస్సులో ఒకటే మాట చెప్పారు. "అర్థం కాకపోతే అడుగమ్మలూ. సిగ్గు తర్వాత పడదువుగాని." ఈ రోజుకీ ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ముందు ఆ మాట తలుచుకుంటాను.

అన్నం అయ్యాక ఆయన నల్ల రెక్సిన్ సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసేవారు. బరువైనది, అరిగిపోయినది, ఫ్యాన్ గరగరమనేది. అందులో ఆయన పేకాట ఆడేవారు. పోకర్. పేక ముక్క ముట్టుకోవడం పాపమని విని పెరిగినదాన్ని, దూరంగా నిలబడి చూసేదాన్ని. ఈ దేశంలో డబ్బు పెట్టి ఆడటం నేరం. ఆయన ఆడేది ఉత్తుత్తి చిప్స్‌తో, డబ్బు బదులు తెర మీద కనిపించే బిళ్ళలతో. టేబుల్‌కి రెండే కుర్చీలు, లోపలికి రావడానికి ఒక పాస్‌వర్డు. రెండో కుర్చీలో పిన్ని.

ఇక్కడ నెట్‌లో ఫోన్ మాటలు సాగనివ్వరు, కలిసినా తెగిపోతాయి. మామూలు ఫోన్ కార్డు పట్టుమని పది మాటలు కాకుండానే అయిపోతుంది. ఆట టేబుల్ పక్కన మాత్రం రాసుకోవడానికి ఒక చిన్న గడి ఉంది. దాన్ని ఎవరూ ఆపలేదు. పిన్ని కాకినాడలో కంప్యూటర్ ముందు కూర్చుని, ముక్కలు పంచుకుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. అన్నం తిన్నారా. గ్యాస్ అయిపోయింది. పక్కింటి ఆవిడకి మళ్ళీ కూతురే. వాళ్ళ కాపురమంతా ఆ గడిలో జరిగింది.

ఆ ఆటల్ని దాచిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఆడిన ప్రతి ఆటా అందులోకి వెళ్ళిపోతుంది. ఎవరు ఎప్పుడు పందెం పెంచారు, ఎప్పుడు ముక్కలు పడేశారు, మధ్యలో ఏం రాశారు, అన్నీ. పాత ఆటని ఎంచుకుంటే మళ్ళీ మొదటి నుంచీ ఆడి చూపిస్తుంది. పందేలు కాసేవాళ్ళు ఎదుటివాళ్ళ గుట్టు తెలుసుకోవడానికి వాడే సరుకది. బాబాయ్‌గారు పిన్నిని గెలవడానికే పెట్టుకున్నారు. "మీ పిన్నికి మంచి ముక్కలొస్తే నోరు కట్టేసుకుంటుంది. చెడ్డవొస్తే వంటింటి కబుర్లు మొదలెడుతుంది," అని నవ్వేవారు. ఆవిడకి చెడ్డ ముక్కలు వచ్చాయని తెలిసీ కొంచెం కొంచెంగా పందెం కాస్తూ ఆటని సాగదీసేవారు. ఆట అయిపోతే కబుర్లు ఆగిపోతాయి.

పిన్నిని నేను ఒక్కసారీ చూడలేదు. అయినా ఆవిడ ఎప్పుడు భయపడుతుందో, ఎప్పుడు మొండికేస్తుందో నాకు తెలుసు.

ఆవిడ గుండె ఆగి పోయినప్పుడు ఆయన పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. ముదీర్, అంటే మేనేజరు, సంతకం పెట్టి, టికెట్ దొరికి, ఆయన వెళ్ళేసరికి అంతా అయిపోయింది. కర్మకాండలు చేసి తిరిగి వచ్చారు. వచ్చిన మొదటి శుక్రవారం ఎప్పటిలాగే భోంచేసి ల్యాప్‌టాప్ తీశారు. ఈసారి ఆడలేదు. పాత ఆటలు పెట్టుకుని చూశారు. తెర మీద ముక్కలు పడ్డాయి, పిన్ని పెంచింది, పక్కన ఆవిడ మాట వచ్చింది. ఆయన అది చదివి, ఒక్కోసారి గొంతులోనే జవాబు చెప్పేవారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను ఆయన పక్కన కూర్చోవడం అప్పటి నుంచే.

ఏడాది తిరక్కుండా ఆ ల్యాప్‌టాప్ మధ్యలో ఆరిపోవడం మొదలుపెట్టింది. ఇది పోతే ఆవిడ పోయినట్టేనని నాన్నతో అన్నారు. కొత్తది కొన్నారు. ప్రోగ్రామ్‌నీ, అందులో ఉన్న ఆటల్నీ కొత్తదానిలోకి మార్చాలి. అంత జాగ్రత్తగా ఆయన ఏ పనీ చేయడం నేను చూడలేదు.

ఇక్కడ మనవాళ్ళందరికీ ఒక నమ్మకం ఉంది. కంప్యూటర్ కొన్నప్పుడు షాపువాడు దాన్ని రెండు భాగాలు చేసి, సీ డ్రైవ్ విండోస్‌ది, డీ డ్రైవ్ మనది అని చెప్తాడు. ఏది దాచుకున్నా డీలో దాచుకో, సీని ఎన్నిసార్లు తుడిచినా డీకి ఏమీ కాదు. పెళ్ళి ఫోటోలు, పాటలు, సినిమాలు, పాస్‌పోర్టు కాపీలు అన్నీ డీలోనే. బాబాయ్‌గారు ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తం డీలోకి కాపీ చేశారు. పేరు సరిచూసుకున్నారు. డీ అంతా ఒక డిస్క్‌లోకి ఎక్కించి కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టారు. క్యాంపు వెనకాల షాపుకి పాతది తీసుకెళ్ళి సీ తుడిపించారు. ఫ్యాన్ మార్చి, వైర్లు బిగించి, "డీ మే సబ్ సేఫ్ హై, భాయ్," అన్నాడు షాపువాడు. బాగుపడ్డ ల్యాప్‌టాప్‌ని, ఇక్కడ ఎవరికి పాతదైనా అదే చేస్తారు కాబట్టి, ఊరు వెళ్ళే ఒకాయన సామానులో పెట్టి మేనల్లుడికి పంపించారు.

ఆ శుక్రవారం మా ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ తెరిచారు. ప్రోగ్రామ్ ఎక్కింది. తెర మీద గడులన్నీ ఖాళీగా వచ్చాయి. ఆట ఒక్కటీ లేదు. మూసి మళ్ళీ తెరిచారు. సంచిలోంచి డిస్క్ తీసి మళ్ళీ గుచ్చారు. నన్ను పిలిచి, ఇంగ్లీషులో ఉన్న సహాయం పేజీ చదివి చెప్పమన్నారు. చదివాను. ప్రోగ్రామ్ వేరు, ఆటలు దాచే చోటు వేరు. ఆటలు ఉండేది సీ డ్రైవ్ లోపల, ఇంకో పేరున్న ఫోల్డర్‌లో. కంప్యూటర్ మార్చే ముందు ప్రోగ్రామ్ లోపలి నుంచే నకలు తీసుకోవాలి. ఫోల్డర్ కాపీ చేసినంత మాత్రాన ఆటలు రావు.

"మళ్ళీ చదువమ్మా," అన్నారు.

మళ్ళీ చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఆయన నా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నారు.

ఆట నడిపేవాళ్ళకి నా చేత ఉత్తరం రాయించారు. ఉత్తుత్తి చిప్స్ ఆటల వివరాలు మేము ఎక్కువకాలం ఉంచుకోము అని మర్యాదగా జవాబు వచ్చింది. పిన్ని కంప్యూటర్‌ని ఊళ్ళో ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. ఇంక మిగిలింది మేనల్లుడి దగ్గరున్న పాతది. తుడిచినా లోపల ఉంటుందనీ, బర్ దుబాయ్‌లో తీసేవాళ్ళు ఉన్నారనీ ఎవరో చెప్పారు. దాన్ని ముట్టుకోవద్దని మేనల్లుడికి ఫోన్ చేశారు. సెలవు ముగించుకుని వచ్చే మనిషి ఎవరైనా తెస్తారేమోనని వారాల తరబడి ఎదురుచూశారు. ఆ వారాల్లో ఆయన మా ఇంట్లో అన్నం కలుపుకుంటూ కూడా వస్తుంది, వస్తుంది అనుకునేవారు. నాకూ నమ్మకం కలిగింది.

వచ్చింది. మేమిద్దరం మెట్రో దిగి, చీరల షాపుల ముందు నుంచి ఎండలో నడిచి వెళ్ళాం. కౌంటర్ దగ్గర కుర్రాడు దాన్ని చాలాసేపు చూశాడు. ఫోన్ చేసే లోపే మేనల్లుడు సీ నిండా సినిమాలు ఎక్కించుకున్నాడట. ఆటలు ఉన్న చోట ఇప్పుడు సినిమాలు ఉన్నాయి. "ఖలాస్ అంకుల్. ఊపర్ లిఖ్ దియా," అన్నాడు, అయిపోయింది, వాటి మీదే రాసేశారని. బాబాయ్‌గారు అతనికి థాంక్స్ చెప్పారు. మేనల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టి జిప్పు వేసుకున్నారు. తిరుగు రైల్లో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నారు. కూర్చోమన్నాను. నా మాట ఆయనకి వినపడలేదు. కర్మకాండలప్పుడు ఆయన ఏడవలేదని నాన్న చెప్పేవాడు. ఆ రోజు రైలు తలుపుకి ఎదురుగా నిలబడి, ఎవరూ చూడకుండా మొహం తిప్పుకుని, ఆయన స్టేషన్ తర్వాత స్టేషన్ ఏడ్చారు.

కొన్నాళ్ళకి నన్ను ఒక సాయం అడిగారు. నా కంప్యూటర్‌లో ఒక పేరు పెట్టుకుని ఆ టేబుల్‌కి రమ్మన్నారు. ఆడటం నేర్పించారు. తర్వాత పిన్ని ఎలా ఆడేదో నేర్పించారు. మంచి ముక్కలొస్తే మాట్లాడకు. చెడ్డవొస్తే ఏదో ఒకటి రాయి. రాజు వస్తే పొగరుగా పెంచెయ్యి, తర్వాత భయపడు. పాఠం ఒప్పజెప్పినట్టు చేశాను. హాల్లో ఆయన ఆ చివర, నేను ఈ చివర. నాకు పనికిరాని ముక్కలు వచ్చాయి. అన్నం తిన్నారా అని రాశాను. అప్పుడే మా ఇంట్లో తిని లేచిన మనిషి ఆయన. జవాబు రాయడానికి వేళ్ళు మీటల మీద పెట్టి తీసేశారు. ఇంకాసేపు ఆడాం. నేను గెలిచాను.

"బాగా ఆడుతున్నావమ్మలూ," అన్నారు. "మీ పిన్ని ఇంత బాగా ఆడేది కాదు."

మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ శుక్రవారం వచ్చేవారు, మడతపెట్టిన పేపర్లు తెచ్చేవారు, భోంచేసి వెళ్ళిపోయేవారు. ల్యాప్‌టాప్ తెచ్చేవారు కాదు. మర్చిపోయారనుకుని అమ్మ సంతోషించింది. అలా అనుకోవడం మాకూ సులువుగానే ఉండింది.

ఆయన్ని ఊరు పంపే కాగితాలు అవుతున్నప్పుడు డ్రైవర్ అన్న ఆయన సామాను మా ఇంటికి తెచ్చాడు. నిజామాబాద్ మనిషి. టీ ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇంత సామానేనా అని నాన్న అడిగితే, ఇంతే సేటూ అన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ చూపించి, సారుకి ఇదే లోకమని చెప్పాడు. రోజూ డ్యూటీ నుంచి రాగానే, సెలవైతే పొద్దున్నే, ఆ ఆట తెరుచుకుని కూర్చునేవారట. రెండు కుర్చీల టేబుల్. ఒక కుర్చీలో ఆయన. ఒక్కరే ఉంటే ఆట మొదలవదు, ముక్కలు పంచరు, ప్రోగ్రామ్‌లోకి ఏదీ వెళ్ళదు. ఆయన ఊరికే కూర్చునేవారు. కాసేపు ఎవరూ కదలకపోతే తెర మీద ఒక పెట్టె లేస్తుంది. మీరు ఉన్నారా అని అడుగుతుంది. అన్నం తింటూనో, బట్టలు మడతపెడుతూనో ఆయన చెయ్యి చాపి ఉన్నాను అని నొక్కేవారట.

ఆ శుక్రవారం పొద్దున్న ఛాతీలో నొప్పి వచ్చేవేళకి కూడా అది తెరిచే ఉంది. అంబులెన్సులో ఒక్కరినే రానిచ్చారు, ఫోర్‌మన్ ఎక్కాడు. డ్రైవర్ అన్న గదిలో ఉండిపోయాడు.

"మల్ల అడిగింది సేటూ, ఉన్నరా అని," అన్నాడు. "నొక్కకుంటె బయటికి పంపుతదని సారే చెప్పిండు ఓపారి. దవాఖాన నుంచి వచ్చేదాంక జాగ పోవద్దని నేనే నొక్కిన. అడిగినప్పుడల్ల నొక్కిన."

చల్లారిన టీని నేల మీద పెట్టాడు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చిన తర్వాత కూడా ఆ పెట్టె మళ్ళీ లేచిందనీ, అప్పుడు కూడా నొక్కాననీ చెప్పాడు.