కెమికల్ డ్రిల్లులో పసుపుకొమ్ము

మా వీధి వెనక ఫ్యాక్టరీలో ఘాటైన కెమికల్స్ ఉంటాయి. అవి ఎప్పుడైనా లీకై మనుషుల మీద పడితే ఏం చెయ్యాలో ముందే నేర్పాలని కౌన్సిల్ వాళ్ళు, ఫైర్ వాళ్ళు కలిసి మా ఇంటికెదురుగా కార్ పార్కులో డ్రిల్లు పెట్టారు. ఇంగ్లండులో ఈ కోవెంట్రీ ఊళ్ళో మా వైపు తెలుగు ఆడవాళ్ళను పోగుచేసే పని నాది. నాకు చదువు లేదుగానీ గొంతుంది. ఆయన పోయాక ఇంట్లో దానికి పనే లేకపోయింది. ఆ రోజు వీధి వీధంతా వినబడేలా పిలిచాను. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తోంది!

పద్ధతి సులువే. ముందు పైబట్టలు విప్పి సంచిలో వెయ్యాలి, తర్వాత గుడారంలో షవర్ కింద నిలబడాలి. లోపల ఈత బట్టలు వేసుకు రమ్మన్నారు. మాకెక్కడివి? అందరం నైటీల మీద చీరలు చుట్టుకుని వెళ్ళాం. కుచ్చిళ్ళు లాగితే చాలు, చీర జారిపోతుంది. తలమీంచి లాగక్కర్లేదు, మొహానికేమీ అంటదు. అది చూసి ఫైరావిడ భలే ముచ్చటపడింది. నేను ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ.

వరసలో ముందు మా పక్కింటావిడ. ఫైరావిడ ఆమె మెడ చూపించి, "అది కూడా తీసెయ్యాలి, డియర్. గొలుసు కింద కెమికల్ నిలిచిపోతే చర్మం కాలుతుంది" అంది. నేను తెలుగులో చెప్పాను.

"పుస్తెలా? చచ్చినా తియ్యను!" పక్కింటావిడ రెండు చేతులా గొలుసు పట్టుకుంది.

"పోనీ పక్కన నిలబడమనండి, ఇది డ్రిల్లే కదా" అంది ఫైరావిడ.

ఈరోజు పక్కన నిలబడ్డ మనిషి, నిజంగా కెమికల్ మీద పడిన రోజున కూడా పక్కనే నిలబడుతుంది. ఆ మెడ కాలిపోతుంది.

"ఏమ్మా, పుస్తెలు కంసాలికిచ్చినప్పుడు మెడలో ఏం కట్టుకుంటావు?" అనడిగాను.

"పసుపుకొమ్ము."

"ఇక్కడే ఉండు!"

మోకాళ్ళ నొప్పి మరిచి రోడ్డు దాటాను. వంటింట్లో రెండు పసుపుకొమ్ములు, దారపు ఉండ దొరికాయి. దారానికి పసుపు రాస్తూనే పరుగెత్తుకొచ్చాను. ముందు ఇది కట్టుకుంటుంది, తర్వాత అది తీస్తుంది, కడిగాక దీన్ని కత్తిరించి పారేసి కొత్తది కట్టుకుంటుంది అని నాకొచ్చిన ఇంగ్లీషులో ఫైరావిడకు చెప్పాను. ఆవిడ బొటనవేలు ఎత్తింది.

తీరా కట్టబోయి ఆగాను. మొగుడు పోయినదాన్ని, నా చేత్తోనా? వెనకామె అననే అంది: "ఆవిడ కట్టకూడదు కదండీ."

పక్కింటావిడ గిర్రున తిరిగింది. "రేపు నా మెడ కాలితే నువ్వొచ్చి ఊదుతావా? అక్కా, నువ్వే కట్టు."

కట్టాను. ఆమె గొలుసు తీసి కవర్లో వేసి గుడారంలోకి దూరింది. "అమ్మో, చన్నీళ్ళే!" అని లోపలనుంచి కేక. బయట ఒకటే నవ్వులు.

వరస కదిలింది. చూద్దును కదా, ఇందాకటి వెనకామె నా ముందు మెడ వంచుకుని నిలబడి ఉంది. "నాకూ కట్టండి పిన్నిగారూ, త్వరగా!"

చేతిలో మిగిలింది ఒక్క కొమ్ము. ఆమె వెనక ఇంకా నలుగురు. ఫైరావిడ బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర నా చేతికిచ్చింది. బలమంతా పెట్టి కొమ్మును ముక్కలు చేశాను.