తొట్టిలో తేలిన మొదటి కాయ

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవికి నాకు ఇరవై మూడేళ్ళు. మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా పూర్తిచేసి నూజివీడు వచ్చి, ఉద్యోగాలకు పెట్టిన అర్జీల జవాబుల కోసం చూస్తున్నాను. మా నాన్న బజారులో మామిడికాయల వ్యాపారి. ఊరికే కూర్చోకుండా ఉంటానని ఆ ఏడు మా తోట కోత నాకు అప్పగించారు. అందులో చిన్న రసాలు ఎక్కువ, బంగినపల్లి కొంచెం.

ఆ వేసవిని తలుచుకుంటే నాకు మూడు గుర్తొస్తాయి: బావి దగ్గర సిమెంటు తొట్టి, నా జేబులోని నోటుబుక్కు, మా మేనత్త గొంతు. తప్పు తొట్టి దగ్గర జరిగింది కనుక దానితోనే మొదలుపెడతాను.

ముదిరిన కాయ నీళ్ళలో మునుగుతుందని, లేతకాయ తేలుతుందని నేను చదువుకున్నాను. నమ్మే ముందు పరీక్షించాను కూడా. రెండు చెట్లు, నలభై కాయలు, మూడు రోజులు. పశువులకు నీళ్ళు పెట్టే తొట్టిలో ఒక్కొక్కటే వేసి, తర్వాత కోసి టెంక చూసి, ఫలితం నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు కాయల విషయంలో తప్ప లెక్క సరిపోయింది.

మా తోటకు కోతకొచ్చేది రెడ్డిగూడెం ముఠా. మేస్త్రి నేను పుట్టకముందు నుంచీ వస్తున్నవాడు. కోత మొదలుపెట్టే రోజు ఒక పద్ధతి ఉంది. మేస్త్రి, చివర వల సంచి ఉండే చిక్కం కర్రతో ఒక్క కాయ కోస్తాడు. అది నేలను తాకకూడదు. భుజం మీద తువ్వాలుతో సొన తుడిచి, రెండు చేతులతో తోట గలవాళ్ళకు ఇస్తాడు. వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని "కానివ్వండి" అంటే మిగతావాళ్ళు చెట్లెక్కుతారు.

ఆ రోజు నాన్న, "నువ్వే తీసుకో" అన్నారు. తీసుకున్నాను. నాలుగడుగులు వేసి తొట్టిలో వేశాను. తేలింది.

"చూశారా, తేలింది! ఇది లేతకాయ. మేస్త్రీ, ఇంకో చెట్టు చూడు" అన్నాను, అందరికీ వినపడేలా. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నలభై కాయల పరీక్ష నెగ్గిన సంతోషం అది. ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మేస్త్రి వంగి కాయను నీళ్ళలోంచి తీసి, మళ్ళీ తువ్వాలుతో తుడిచి, తొట్టి గట్టు మీద పెట్టాడు. చిక్కం కర్రను బావి గోడకు ఆనించి, రోడ్డు వైపు నడిచాడు. అతని వెనకే ముఠా అంతా వెళ్ళిపోయింది. పదకొండు మంది. నేను లెక్కపెట్టాను.

ఆ సాయంత్రం నాన్నతో, "జి. కొండూరు వైపు నుంచి వేరే ముఠాను పిలుద్దాం" అన్నాను.

"ఆ మేస్త్రి కాదని పోయిన తోటకి ఇంకో ముఠా రాదురా. వారంలోపు గాలి లేచిందంటే కాయంతా నేల మీదే. నువ్వు పంపించావు, నువ్వే తీసుకురా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మా మేనత్త సంగతి చెప్పాలి. నాన్నకు అక్క. గోదావరి ఒడ్డున ఒక ఆశ్రమంలో ఆరేళ్ళు ఉండి, అక్కడి వంట కుదరడం లేదని తిరిగొచ్చేసింది. అక్కడ నేర్చుకున్నది మాత్రం మానలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో చాప వేసి, మా అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, తను మెల్లగా చెబుతూ పోయేది. ముందు ఊపిరి. తర్వాత ఆ రోజు జరిగినదంతా వెనక్కి, అప్పటి నుంచి తెల్లవారే దాకా. ఆఖరున, రేపటి నువ్వు ఎలా ఉన్నావో చూడమనేది. మా అమ్మ మూడో నిమిషంలో నిద్రపోయేది. అత్తయ్య దాన్ని కూడా ధ్యానంలో ఒక మెట్టుగానే లెక్కవేసేది.

"ఊపిరి చూడు. లెక్కపెట్టకు, ఊరికే చూడు" అనేది నాతో. ఓ నిమిషం ఆగి, "లెక్కపెడుతున్నావు కదూ?"

"నీకెలా తెలిసింది అత్తయ్యా?"

"నీ వేళ్ళు కదులుతున్నాయిరా, బడిలో ఎక్కాలు చదివేవాడిలాగా."

మేస్త్రి వెళ్ళిన మర్నాడు నేను ఆవిడ దగ్గరికి తయారై వెళ్ళాను. నోటుబుక్కులో 'నాలో మార్చుకోవలసినవి' అని పైన రాసి, గీత గీసి, కింద తొమ్మిది రాశాను. ఒకటి, గొంతు తగ్గించడం. రెండు, నలుగురిలో ఎవరి తప్పూ ఎత్తకపోవడం. మూడు, పద్ధతులకు కారణం అడిగి తెలుసుకోవడం. అలా తొమ్మిది దాకా. వీటిని వరసగా ఒక్కొక్క రోజు ధ్యానిస్తే తొమ్మిది రోజుల్లో పూర్తవుతుందని నా అంచనా. వారమే గడువుంది కాబట్టి కొన్ని రోజులు రెండేసి చెయ్యాలి.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "శుభకార్యానికి రాసిన సామాన్ల పట్టీలాగా ఉందిరా. ఇందులో మేస్త్రి ఏడీ?" అంది.

"అన్నీ అతని గురించేగా."

"అన్నీ నీ గురించే. సరే, కూర్చో. కళ్ళు మూసుకో."

కూర్చున్నాను. ఆవిడ గొంతు కొంచెం కిందికి దిగింది.

"నువ్వు సైకిల్ మీద రెడ్డిగూడెం వెళ్ళావు. ఎవరినో అడిగి ఆ ఇల్లు పట్టుకున్నావు. సైకిల్ చెట్టుకు ఆనించావు. ఆనించావా?"

"ఆ."

"గుమ్మం ముందు నిలబడ్డావు. మేస్త్రి లోపల్నుంచి బయటకొచ్చాడు. ఎలా ఉన్నాడు?"

చిక్కం కర్ర కనిపించింది. పద్నాలుగడుగుల వెదురు, చివర కొంకి, దాని కింద వల సంచి. భుజం మీద తువ్వాలు. తువ్వాలు మీద సొన మరకలు. పైకి చూశాను. అక్కడ ఏమీ లేదు. తలపాగా ఉంది, దాని కింద ఖాళీ.

"అత్తయ్యా, ముఖం రావడం లేదు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నావు?"

"ఊహ తెలిసినప్పటి నుంచీ."

"అయితే ఇక్కడ కూర్చుని రేపటి నిన్ను చూసి లాభం లేదు. వెళ్ళి ముందు అతన్ని చూసిరా."

ఆ మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. మధ్యలో ఒకసారి చైను ఊడింది. ఇల్లు పట్టుకునేసరికి రెండున్నర గంటలు పట్టింది. మేస్త్రి చెట్టు నీడలో కూర్చుని ఇంకో వల సంచికి కన్నాలు పడిన చోట తాడు అల్లుతున్నాడు. అతని భార్య నన్ను చూసి, "బాబు గారొచ్చారు, చూడు" అని చెప్పి లోపలికెళ్ళింది. అతను తలెత్తాడు.

నేను అతని ముఖం చూశాను. ఎడమ కనుబొమ మధ్యలో పాత గాయం, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. మీసం కుడివైపు బాగా నెరిసింది, ఎడమవైపు కొంచెమే. కళ్ళ చుట్టూ ముడతలు, ఎప్పుడూ ఎండకెదురుగా పైకి చూసేవాళ్ళకు పడేవి.

"ఏంటి బాబూ, అలా చూస్తున్నారు? తప్పిపోయిన గేదెను ఆనవాలు పట్టేవాడిలాగా."

"నీ ముఖం గుర్తుకు రాలేదు మేస్త్రీ. అందుకని చూస్తున్నాను."

లోపల్నుంచి భార్య నవ్వింది. "ముప్పై ఏళ్ళబట్టి చూస్తున్నానండీ. అంత గుర్తుపెట్టుకోవాల్సిన ముఖమేం కాదు."

జేబులో తొమ్మిది అంశాలూ ఉన్నాయి. తీయలేదు. "మొదటి కాయను నీళ్ళలో వెయ్యడం తప్పు. అందరి ముందు అలా అనడం ఇంకా తప్పు" అన్నాను.

మేస్త్రి తాడు ముడి బిగించి, "తేలిన మాట నిజమేగదండీ?" అన్నాడు.

"నిజమే."

"లేతదే. కొయ్యకముందే తెలుసు నాకు."

"తెలిసీ ఎందుకు కోశావు?"

"మొదటి కాయ తూర్పు కొమ్మదే కొయ్యాలండి. చేతికి ఏదందితే అది. మా నాన్న అట్లాగే కోసేవాడు, మీ తాతగారు అట్లాగే కళ్ళకద్దుకునేవారు. అది అమ్మే కాయా ఏంటి, ముదిరిందా లేదా అని చూట్టానికి? పెళ్ళిలో అక్షింతలు వేస్తా ఉంటే, ఈ బియ్యం ఎన్నాళ్ళ పాతవి అని అడిగినట్టుంది మీ యవ్వారం."

నా పరీక్షలో తప్పు లేదు. ఎవరూ అడగని ప్రశ్నకు సరైన జవాబు చెప్పాను, అంతే. అది నాకు ఆ చెట్టు కింద అర్థమైంది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. మేస్త్రి కూడా మీసం కింద నవ్వాడు.

"వస్తావా మరి? తొట్టి తీయించేస్తాను."

"తొట్టి తీసేస్తే గొడ్లు ఎక్కడ తాగుతాయండీ? ఉండనియ్యండి. ఎల్లుండి వస్తాం."

అతని భార్య చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి చెప్పలేదు.

అన్న రోజున పొద్దెక్కకముందే పన్నెండు మందీ వచ్చారు. గాలి ఇంకా లేవలేదు. మేస్త్రి తూర్పు కొమ్మ నుంచి కాయ కోసి, తుడిచి, నా చేతుల్లో పెట్టాడు. ఒక పక్క ఎండ తగిలి కాస్త వెచ్చగా ఉంది. కళ్ళకద్దుకుని "కానివ్వండి" అన్నాను.

"బాబూ, తొట్టి అటుందండీ" అన్నాడు మేస్త్రి, పైకి చూస్తూ.

ముఠా అంతా పగలబడి నవ్వింది. నాన్న మొహం అటు తిప్పుకున్నారు, భుజాలు మాత్రం కదిలాయి.

పదింటికి మేస్త్రే ఒక బుట్ట తెచ్చి తొట్టి దగ్గర దింపాడు. ఒక్కొక్క కాయనూ తొడిమ పక్కన బొటనవేలితో తడిమి, "మునుగుద్ది", "ఇది కూడా మునుగుద్ది", "ఇది తేలుద్ది" అని చెప్పి వేశాడు. ఇరవై కాయలూ చెప్పినట్టే చేశాయి. నన్నూ తడమమన్నాడు. నేను ఇరవైకి పదకొండు చెప్పగలిగాను. "పాసయ్యారండీ" అన్నాడు.

ఒంటిగంటకు ఇంటికొచ్చి అన్నం తిన్నాను. చేతులకు సొన, చొక్కా నిండా దుమ్ము. అత్తయ్య వసారాలో చాప వేసి ఉంచింది. అమ్మ అప్పటికే గోడకు ఆనుకుంది.

"వచ్చాడా?"

"వచ్చాడు."

"ముఖం?"

"ఎడమ కనుబొమ మీద గాయం ఉంది అత్తయ్యా."

ఆవిడ తల ఊపింది. "సరే, కూర్చో. ఇవాళ ఎక్కడికి వెళ్దాం?"

"ఎక్కడికీ వద్దు. నిద్రొస్తోంది."

"అయితే పడుకో. మూడింటికి లేపుతాను, మళ్ళీ తోటకెళ్ళాలిగా" అని తన దిండు నా వైపు తోసింది.