టార్చి ఎటు తిప్పాలో

నా చిన్నప్పుడు టార్చిలైటు ముట్టుకోవాలంటే నాన్నగారి అనుమతి కావాలి. ఇప్పుడు నా దిండు కింద ఒకటి, వంటింట్లో ఒకటి, చేతిసంచిలో ఒకటి ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు. డెబ్బై దాటిన మనిషికి టార్చిల పిచ్చేమిటని ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వుకోనీ. చీరల పిచ్చి ఉంటే ఎవరూ నవ్వరు కదా! ఆదివారం పుస్తకాలు చూసొస్తానని అబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్తాను. వచ్చేటప్పుడు సంచిలో పుస్తకం ఉన్నా లేకపోయినా టార్చి మాత్రం ఉంటుంది. మొన్న తెచ్చినది నా బొటనవేలంత లావు కూడా లేదు, ఫోను వైరుతోనే చార్జి అవుతుంది. డాబా మీద నిలబడి వేస్తే వీధి చివర నీళ్ల ట్యాంకు మీది పావురాలను లెక్కపెట్టుకోవచ్చు.

నాన్నగారి టార్చి సంగతి వేరు. మూడు సెల్లులది, గీతలు గీతలుగా ఉండే రేకు గొట్టం, చివర తగిలించుకోవడానికి ఒక రింగు. పట్టుకుంటే నా చెయ్యి కిందికి లాగేసేది. సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టేవాళ్లం, మరో రెండు రోజులు వెలిగేవి. పట్టించుకోకుండా వదిలేస్తే లోపల కారి స్ప్రింగు తుప్పు పట్టేది. వెలిగిందంటే గోడ మీద పసుపు పచ్చటి గుండ్రం పడేది, దాని నడుమ ఎప్పుడూ ఒక నల్ల మచ్చ. ఇప్పటి పిల్లలైతే దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. నాకు మాత్రం అది కనబడితే ప్రాణం లేచొచ్చేది.

అప్పుడు మేం నాంపల్లిలో ఒక పాత పెద్ద ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా కుటుంబం మాది. నవాబుల నాటి ఇంటిని ముక్కలు చేసి నాలుగు పోర్షన్లుగా ఇచ్చారు. మా పోర్షను వెనక నేల కింద ఒక గది ఉండేది, తహ్‌ఖానా అనేవారు. పది మెట్లు దిగాలి. పట్టపగలు కూడా అందులో చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. విరిగిన కుర్చీలు, బూజు పట్టిన పెట్టెలు, ఆ చివర పూర్వం నీళ్లు నిలవ చేసుకున్న హౌజు. నిలువులోతు ఉంటుందని, వానాకాలం నీళ్లు నిండుతాయని చెప్పుకునేవారు. దాని మీది చెక్కల్ని ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. గట్టు జానెడు ఎత్తు కూడా ఉండదు. అటు వెళ్తే కాళ్లు విరగ్గొడతానని అమ్మ రోజుకోసారి చెప్పేది.

నాకు పదేళ్లు, తమ్ముడికి నాలుగు. ఒక వానాకాలం మధ్యాహ్నం అమ్మ కిరసనాయిలు క్యూలో నిలబడటానికి వెళ్తూ వాణ్ణి నాకు అప్పగించింది. నాన్నగారు ఆఫీసులో ఉన్నారు. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మేకుకు వేలాడే నాన్నగారి టార్చి దించాను. తలుపులు మూసి, గడ్డం కింద టార్చి పెట్టుకుని, పళ్లు బయటపెట్టి, గొంతు మార్చి "తమ్ముడూ, నేనే వచ్చాను" అని మూలిగాను. మొదటిసారి వాడు నవ్వాడు. రెండోసారి బిక్కమొహం వేశాడు. అక్కడ ఆపొచ్చు. ఆపలేదు. మూడోసారి వాడు కెవ్వుమని పెరటి తలుపు తోసుకుని పరిగెత్తాడు. నేను నవ్వుతూ వెనకే వెళ్లేసరికి తహ్‌ఖానా తలుపు ఓరగా తెరిచి ఉంది.

మెట్లు దిగి టార్చి వేశాను. వాడు ఆ చివర ఉన్నాడు, హౌజు వైపు వీపు పెట్టి. వాడికీ ఆ గట్టుకూ మధ్య రెండు మూరల దూరం ఉంటుందేమో. వెలుగు మొహం మీద పడగానే మోచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనేరా, రా" అని పిలిచాను. ఇంకో అడుగు వేశాడు. అప్పుడు అర్థమైంది, ఇంతకు ముందు దెయ్యం కూడా వాణ్ణి తమ్ముడూ అనే పిలిచింది, నేనే అనే అంది. టార్చి ఆర్పేశాను. చీకట్లో వాడి కాలు నేల మీద రాసుకున్న చప్పుడు వినబడింది. మళ్లీ వేశాను. మడమ గట్టుకు ఆనుకుని ఉంది. నేను ముందుకు వెళ్తే వాడు వెనక్కి వెళ్తాడు. వెళ్లకపోతే ఏడ్చి ఏడ్చి తూలతాడు. ఏం చెయ్యాలో తెలియక టార్చి వాడి మొహం మీదే పెట్టి గట్టిగా ఏడుపు అందుకున్నాను.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. పాత హైదరాబాదు వాళ్లు, మా పక్క పోర్షను. అబిడ్స్‌లో ఒక సినిమాహాల్లో ఆడవాళ్ల క్లాసు దగ్గర టికెట్లు చింపి, ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లకు చీకట్లో సీట్లు చూపించడం ఆమె పని. మ్యాట్నీకి బయలుదేరుతూ సగం వేసిన జడతోనే వచ్చింది. ఒక్క చూపు చూసింది. అరవలేదు, పరిగెత్తలేదు. నా చేతిలోంచి టార్చి తీసుకుని ముందు వెలుగును కిందికి దించేసింది.

తర్వాత అక్కడే నేల మీద కూర్చుంది. చెయ్యి బారుగా పక్కకు చాచి, టార్చిని తన మొహం మీదికి తిప్పుకుంది. నాలాగా గడ్డం కింద పెట్టుకోలేదు. మొహమంతా మామూలుగా, బొట్టుతో, ముక్కుపుడకతో సహా కనబడేంత దూరంగా పట్టుకుంది.

"బిడ్డా, నా మొఖం గనబడ్తుందా?" అంది, పాలు కావాలా అని అడిగినంత మామూలుగా.

మోచెయ్యి కాస్త దించి "ఔ" అన్నాడు. మా ఇంట్లో ఎవరమూ అలా అనం, ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

"ఎవరు నేను?"

"అక్క."

"మంచిగ చెప్పినవ్. గాడనే ఉండు. ఇగ నీ కాళ్లకాడికి వెలుగొస్తది, దాని మీదనే నడుచుకుంట రా. జల్ది ఏం లేదు."

వెలుగును తన ఒడి దగ్గర నుంచి నేల వెంట నెమ్మదిగా పాకించింది. అది వాడి పాదాల దాకా వెళ్లి ఆగింది, మొహం మీదికి మాత్రం పోలేదు. హాల్లో రోజూ చేసే పనే అది. వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఇంకొకటి. అప్పుడే వెలుగు ఎర్రబడటం మొదలుపెట్టింది. అమ్మ వెళ్లినప్పటి నుంచీ ఆడి ఆడి సెల్లులు నేనే ఖాళీ చేశాను. నేల మీది దారి ఆ చివర నుంచి మసకబారుతూ వచ్చింది. వాడు నడుమ ఆగిపోయి, తల వెనక్కి తిప్పాడు. అక్క టార్చిని తొడ మీద ఒకసారి తట్టింది. వెలగలేదు. రెండోసారి తట్టింది. కాస్త వెలుగు వచ్చింది. దాన్ని మళ్లీ తన మొహం మీదికి తిప్పుకుని, "నేను గీడనే ఉన్న" అని నవ్వింది. వాడు మిగిలిన దూరం పరుగున వచ్చి ఆమె ఒళ్లో పడ్డాడు.

నేను చేతులు చాచాను. వాడు నా దగ్గరికి రాలేదు. ఆమె కొంగులో మొహం దాచుకుని అటు తిరిగాడు. అమ్మ కొట్టే దెబ్బలు వంద తిన్నా నాకు అంత నొప్పి పుట్టేది కాదు.

అక్క నన్ను తిట్టలేదు. వాణ్ణి భుజాన వేసుకుని, ఆ ఉన్న కాస్త వెలుగే నా కళ్లలోకి వేసి, ఏం కనబడుతుందని అడిగింది. ఏమీ కనబడలేదు. వాడికీ గట్లనే, అంది. సీటు చూపించేటప్పుడు మనుషుల మొఖాన కొట్టొద్దు, కాళ్లకాడ వెయ్యాలె, భయపడ్డోళ్లుంటే ముందు నువ్వెవరో చూపియ్యాలె, అంది. తర్వాత టార్చి నా చేతిలో పెట్టి, "మీ అమ్మకు నేను చెప్ప. చెప్పేటిదుంటే నువ్వే చెప్పు" అని హడావిడిగా వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె మ్యాట్నీకి ఆలస్యంగానే వెళ్లి ఉంటుంది.

నేను చెప్పలేదు. సాయంత్రం చెబుదామనుకున్నాను, రేపు చెబుదామనుకున్నాను. కొన్నేళ్లకు అక్కావాళ్లు చాదర్‌ఘాట్ వైపు ఇల్లు మారిపోయారు. చెప్పమని గుర్తుచేసే మొహం కూడా లేకుండా పోయింది.

అప్పటి నుంచి నా చేతిలో టార్చి ఏదైనా సరే, వెలిగేముందు నేల వైపే ఉంటుంది. ఎదుట మనిషి ఉంటే ముందు నా మొహం చూపిస్తాను. నా మనవడు దీన్ని చాదస్తం అంటాడు. నాన్నగారి టార్చి మొహాన పడితే కళ్లు చికిలించుకోవాలి, ఇప్పటివాటికి రెండు నిమిషాలు లోకమే కనబడదు. వెలుగు పెరిగిన కొద్దీ దాని వెనక ఉన్న మనిషి ఇంకా మాయమైపోతున్నాడని వాడికి నేను చెబుతూనే ఉంటాను.

తమ్ముడికి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. పండక్కి అందరం కలిసినప్పుడల్లా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకటే కథ చెబుతాడు. నాంపల్లి ఇంట్లో నిప్పుకన్ను దెయ్యం ఒకటి తనను తరుముకొచ్చి నీళ్లలోకి తోయబోయిందట, పక్కింటి అక్క మొహం వెలిగిపోతూ వచ్చి కాపాడిందట. అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వంటింట్లోకి లేచిపోతాను. వాడు అచ్చయిన కాగితం ఏది దొరికినా చదవకుండా వదలడు, ఇదీ చదువుతాడు. తమ్ముడూ, ఆ రోజు ఆ నిప్పుకన్ను వెనక ఉన్నది నేనేరా.