పెట్రోలు కొట్టించాక వెలిగిన లైటు

నా మొదటి కారు సెకండ్ హ్యాండ్‌ది. రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో కొన్నాను. అప్పుడు ఏలూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. అందుకని యంత్రాల విషయంలో ఇంట్లో నా మాటే చెల్లాలనుకునేవాణ్ణి.

ఆ వానాకాలంలో నేను, నా భార్య, మా అత్తగారు ఆకివీడులో ఒక పెళ్లికి బయల్దేరాం. అత్తగారు తాడేపల్లిగూడెంలో ఉండేవారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లికూతురు పుట్టినప్పుడు కాన్పు కష్టమైతే దగ్గరుండి పురుడు పోసింది ఈవిడే. "పుట్టగానే ఏడవలేదు బాబూ ఆ పిల్ల. నా ప్రాణం పోయిందనుకోండి. అది చర్చిలోకి నడిచొస్తుంటే చూడాలి," అంటూ ముందురోజే మా ఇంటికి వచ్చేశారు.

వారం రోజులు కురిసిన వాన ఆ ఉదయమే తెరిపి ఇచ్చింది. ఊరి చివర బంకులో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాను. కైకలూరు రోడ్డెక్కి నాలుగైదు కిలోమీటర్లు పోయామో లేదో, కారు వెక్కిళ్లు పట్టినట్టు కుదిపింది. స్పీడు ముల్లు పక్కన ఇంజన్ బొమ్మతో పసుపుపచ్చ లైటు వెలిగింది.

"ఏవండీ, అదేంటి?" అంది నా భార్య.

"ఇంజన్ చూపించుకోమని."

"పెట్రోలు కొట్టించేదాకా బాగానే ఉంది కదండీ?"

"పెట్రోలుకీ దానికీ సంబంధం లేదు. అది సెన్సార్ల వ్యవహారం," అన్నాను. సెన్సార్ల గురించి నాకు తెలిసింది ఆ మాట ఒక్కటే.

వెనక సీట్లోంచి అత్తగారు అడిగారు. "ఇదివరకెప్పుడైనా ఇలా చేసిందా బాబూ? ఇవాళే మొదలా?"

"మీరు కంగారు పడకండి అత్తయ్యగారూ, నేను చూసుకుంటాను."

ఆవిడేమీ కంగారు పడటం లేదు. ఆ సంగతి నాకే తెలియలేదు.

రోడ్డుకు రెండు వైపులా కొల్లేటి నీళ్లు. కాస్త తొక్కితే కుదుపు, వదిలితే ఆగిపోవడం. రెండుసార్లు నడిరోడ్డు మీదే ఆగిపోయింది. వెనక చేపల లారీల హారన్లకు నా తల పగిలిపోయింది. కైకలూరులో ఒక మెకానిక్ ప్లగ్గులు విప్పి, "నల్లబడ్డాయండీ, అదే రోగం," అని తీరిగ్గా రుద్ది బిగించాడు. ముప్పావుగంట పోయింది. ఊరు దాటగానే లైటు మళ్లీ వెలిగింది. నా భార్య వాచీ చూసుకుంది. అది చూసి నాకు ఇంకా చిరాకేసింది.

మేం చేరేసరికి చర్చి ముందు ఫోటోలు తీస్తున్నారు. అత్తగారు కుచ్చిళ్లు పట్టుకుని గబగబా నాలుగడుగులు వేసి, అక్కడే ఆగిపోయారు. పెళ్లికూతురే పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. ఈవిడ నవ్వారు. భోజనాల దగ్గర మాత్రం సరిగ్గా తినలేదు.

తరవాత ఆకివీడులో లారీలు బాగుచేసే ఒకతను బ్యాటరీ వైరు పీకి మళ్లీ తగిలించాడు. లైటు ఆరింది. "అంతేనండీ, కార్లో కంప్యూటర్ మర్చిపోయింది," అన్నాడు. అత్తగారిని దింపడానికి తాడేపల్లిగూడెం వైపు తిరిగాం. ఉండి దాటకముందే లైటు వెలిగింది.

"గుర్తొచ్చినట్టుందండీ," అంది నా భార్య.

నేను గట్టిగా కసిరాను.

తాడేపల్లిగూడెం వర్క్‌షాపులో మిషన్ పెట్టి చూసిన కుర్ర మెకానిక్, "సెన్సారండీ. విజయవాడ నుంచి తెప్పించాలి," అన్నాడు.

"చెప్పానా!" అని నా భార్య వైపు తిరిగాను.

అప్పుడు అత్తగారు కారు దిగి, అవతల పని చేసుకుంటున్న పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లారు. "ఏవండీ, పొద్దున్న ఏలూరులో పెట్రోలు పోయించారు. కాసేపటికే మొదలైంది. అంతకుముందు ఏ జబ్బూ లేదు. ఆ మాట ఒక్కరూ అడగరేంటండీ?"

ఆయన నావైపు చూశాడు. "నిజమేనాండీ? ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ!"

పెట్రోలు పైపు ఊడదీసి, ఖాళీ వాటర్ బాటిల్లోకి పట్టి, అరుగు మీద పెట్టాడు. కాసేపటికి అడుగున రెండు వేళ్ల మందాన వేరే పొర తేరుకుంది. నీళ్లు. ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ఆ వారమే క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను.

"సెన్సారుకేం కాలేదండీ. నీళ్లు కలిసి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా మండట్లేదని అది మొత్తుకుంటోంది, అంతే."

ట్యాంకు దింపి, కడిగి, ఆరబెట్టి, వేరే పెట్రోలు పోశాక లైటు ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. అత్తగారి ఇంటి ముందు ఆగాక, "క్షమించండి అత్తయ్యగారూ, నావల్లే..." అని నసిగాను.

"నాకు కోపంగానే ఉంది బాబూ," అన్నారావిడ నెమ్మదిగా. "రేపటికి తగ్గుతుంది. ఇవాల్టికి ఉండనివ్వండి." గేటు వేసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆ బాటిల్ పట్టుకుని బంకుకు వెళ్లాను. అప్పటికే ముగ్గురు బైకుల వాళ్లు పోట్లాడుతున్నారు. వానకు భూమిలోని ట్యాంకులోకి నీరు దిగిందట. నేనూ గొంతు పెంచాను. మేనేజరు చేతులు జోడించి, "నిన్న పొద్దున్నే వెనక్కొచ్చి చెప్పుంటే అప్పుడే పంపు ఆపేసేవాళ్లం కదండీ, చదువుకున్నవారు!" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. బాటిల్ అతని బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాను.