పొగడ్త పడని మొగులప్ప

తాండూరు స్టేషను రోడ్డులో మొగులప్పకు ఉన్న జబ్బు ఒక్కటే. రేడియోలో ఎవరైనా పాటను పొగిడితే ఆయన ఒళ్లు మండిపోయేది. కోపం పాట మీద కాదు, పాటకు ముందు వచ్చే ఆ తీయని గొంతు మీద.

"శ్రోతలారా, మరికొద్ది క్షణాల్లో మహత్తరమైన, అపురూపమైన, అమృతం లాంటి గానం..." అని రేడియో అనగానే, ఏసుదాసు హోటల్లో మూలబల్ల దగ్గర నుంచి జవాబు వెళ్లేది.

"అమృతమో అంబలో మేం తాగి చెప్తం. నువ్వు జర పక్కకు జరుగు."

"అన్నా, నీ మాట ఆయనకు ఇనవడది" అనేవాడు ఏసుదాసు.

"గదే గద ఆయన రోగం. ఆయన మాట తప్ప ఆయనకేం ఇనవడది."

ఏసుదాసుకు ఇది పెద్ద పరేషాన్ అయిపోయింది. గిరాకీ పెరుగుతుందని బ్యాటరీ రేడియో కొన్నాడు. పాట మొదలైనా మొగులప్ప తిట్లు ఆగేవి కావు. ఆ హోటల్లో ఏ పాటకైనా మొదటి చరణం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

మొగులప్పది బండల వ్యాపారం. కొనేవాళ్లకు బండ చూపించి బీడీ ముట్టించుకునేవాడు. "మంచిదేనా?" అని అడిగితే, "నీ ముంగటనే ఉంది, జూస్కో" అనేవాడు. ఆయన నోట మెప్పు మాట విన్నవాళ్లు లేరు. ఇంట్లో కూర బాగుంటే కంచం ముందుకు జరిపేవాడు. హోటల్లో చాయ్ బాగుంటే ఖాళీ కప్పు జరిపేవాడు. కప్పు జరిగిన రోజు ఏసుదాసు సాయంత్రం దాకా ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

ఇలా ఉండగా భాగమ్మ పాట రేడియోలో వస్తుందని తెలిసింది. భాగమ్మ, ఎంకమ్మ ఇద్దరూ కందులు విసిరి, పప్పు చేసి బతికేవాళ్లు. ఎవరో విని చెబితే రేడియోవాళ్లు భాగమ్మను ఒక్కదాన్నే పట్నం పిలిపించి పాటను టేపు మీద పట్టుకున్నారు. వాళ్లిద్దరి విసుర్రాయి పాటకు ఒక పద్ధతి ఉంది. ఎదురుగా కూర్చొని రాయి తిప్పిన మనిషి పేరు చెప్పి చివరి చరణం ముగించాలి. అంటే ఎంకమ్మ పేరు రేడియోలో వస్తుందన్నమాట. ఆ ముసలమ్మ తలంటుకొని, మధ్యాహ్నం నుంచే హోటలుకు వచ్చి రేడియో ముందు కూర్చుంది. పక్కన భాగమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

"అన్నా, ఇయ్యాల ఒక్క దినం నోరు మూస్కో. నీకు దండం పెడ్త" అన్నాడు ఏసుదాసు.

మొగులప్ప ఎంకమ్మ వైపు చూశాడు. మిర్చి బజ్జీ ఒకటి మొత్తంగా నోట్లో కుక్కుకున్నాడు.

గొంతు మొదలైంది. భాగమ్మ పల్లె కోకిల అంది. మట్టిలో మాణిక్యం అంది. ఈ గానం వింటే రాళ్లు కరుగుతాయంది. రాళ్ల వ్యాపారి ఇంకో బజ్జీ కుక్కుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి కారానికో కోపానికో ఏసుదాసుకు తెలియలేదు. ఎట్టకేలకు పాట వచ్చింది. చివరి చరణం ఎత్తుకోగానే పాట సన్నబడిపోయి మళ్లీ ఆ గొంతే వచ్చింది. "శ్రోతలారా, మీ హృదయాలు పులకించాయి కదూ..."

ఎంకమ్మ భాగమ్మ భుజం పట్టుకుంది. "నా పేరు వచ్చిందా బిడ్డా? నాకే ఇనవడలేదా?"

ఎంత పాపిష్టి పని. ఆ కోకిలల్లో ఒకటి, ఆ మాణిక్యాల్లో ఒకటి తగ్గించుకుంటే ఒక ముసలమ్మ పేరు పట్టేది కాదా.

మొగులప్ప లేచాడు. తిట్లు పడతాయని ఏసుదాసు చెవులు మూసుకున్నాడు. మొగులప్ప రేడియో కట్టేశాడు, అంతే. "పాడు చెల్లె. మొదటి నుంచి."

"రాయి తిప్పకుంట నాకు పాట రాదన్నా. పట్నంల గూడ ఉత్త చెయ్యి తిప్పుకుంటనే పాడిన."

మొగులప్ప హోటలు వెనక ఉన్న విసుర్రాయిని ఒక్కడే మోసుకొచ్చి బల్లల మధ్య దించాడు. దోసెడు కందులు పోశాడు. ఆడవాళ్లిద్దరూ చెరో వైపు కూర్చున్నారు. రాయి తిరిగింది, పాట కదిలింది. చివరి చరణంలో ఎంకమ్మ పేరు రాగానే ముసలమ్మ బోసినోటితో నవ్వింది. రాయి తిప్పడం మరిచిపోయింది.

"బాగ పాడిందని ఒక్క మాట అనరాదా అన్నా?" అన్నాడు ఏసుదాసు.

మొగులప్ప ఇంకో దోసెడు కందులు తెచ్చి రాయిలో పోశాడు.

మరునాడు ఏసుదాసు చాయ్ ఇచ్చి రేడియో పెట్టాడు. "శ్రోతలారా, మరికొద్ది క్షణాల్లో మహత్తరమైన..." అంది గొంతు.

"నువ్వు జర పక్కకు జరుగు" అన్నాడు ఏసుదాసు, మొగులప్ప నోరు తెరవకముందే.

మొగులప్ప ఏసుదాసు వైపు చూశాడు. చాయ్ ఒక్క గుక్కలో తాగి ఖాళీ కప్పు ముందుకు జరిపాడు.