మామగారి తువ్వాలు తెల్లబడిన వేళ

ఆదోని పత్తి వ్యాపారుల్లో ఒక తరం వాళ్ళకు మా మామగారి పేరు చెబితే ముందు నవ్వు వస్తుంది, తర్వాత ఆయన గుర్తొస్తారు. ఆ పుణ్యం నాది. వ్యాపారం పెట్టిన నాటి నుంచీ ఆయన దాచుకున్న గుట్టును నేను ఒక్క ఉతుకుతో వీధిన పడేశాను. ఎట్లా పడేశానో చెబుతాను, మీరు నవ్వండి. ఆ పూట నాకు మాత్రం నవ్వు రాలేదు.

యాభైల నాటి మాట. ఎమ్మిగనూరులో పుట్టి, అనంతపురంలో ఇంటర్మీడియట్ చదివి, కెమిస్ట్రీ ఇంకా తలలో పొంగుతూ ఉండగానే ఆదోనిలో పత్తి వ్యాపారి ఇంటికి కోడలినై వచ్చాను. బి.ఎస్సీ. కూడా చదవాలని నా ఆశ. మా ఆయనకు అభ్యంతరం లేదు. ఆయనకు అభ్యంతరం ఉందా అని అడిగినవాళ్ళూ లేరు. ఆ ఇంట్లో మాట మామగారిది. ఆ మాట అడగడానికి మర్నాడు వస్తానని మా నాన్న ఒకరోజు కబురు పెట్టాడు. "రానీ, చూద్దాం" అన్నారు మామగారు. పత్తిని చూసినప్పుడూ ఆయన "చూద్దాం" అనే అంటారు. ఆ తర్వాత సగం ధరకు అడుగుతారు.

కాబట్టి ఆయన్ను మెప్పించాలి. ఆయన మెచ్చేది లోకంలో ఒకటే, తెలుపు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తెల్ల తువ్వాలు. తువ్వాలంటే ముఖం తుడుచుకునేది అనుకునేరు! ఆయన వ్యాపారమంతా దాని కిందే. అప్పట్లో పత్తి బేరం నోటితో జరిగేది కాదు. రైతు చెయ్యీ, సెట్టి చెయ్యీ తువ్వాలు కింద కలుసుకునేవి. మూడు వేళ్ళు పడితే ఒక ధర, నాలుగు పడితే దాని పై ధర. పైన ఇద్దరి ముఖాలూ చూస్తే ఇంట్లో ఎవరో పోయారనుకోవాలి. పక్కన కూర్చున్న రైతుకు ఏమీ తెలిసేది కాదు. తెలియకూడదు కూడా, ఎందుకంటే ఇద్దరికీ ఒకే ధర ఇచ్చే అలవాటు మా మామగారికి లేదు.

ఆ తువ్వాలు ఉతికేది మా అత్తగారు. చివర్లో నీలిమందు వేసేవారు. ఎంత ధారాళంగా వేసేవారంటే మామగారు బజారులో నడుస్తుంటే వానమబ్బు కదిలినట్టు ఉండేది.

"అత్తా, ఇది తెలుపు కాదు, నీలం" అన్నాను.

"నీ కండ్లకు చదువెక్కింది లే."

"బావిలో వేసే బ్లీచింగ్ పౌడరు కొంచెం నీళ్ళలో కలిపితే..."

"కలరా మందు గుడ్డకు పోస్తావా? మీ మామకు కలరా అంటారే ఊళ్లో!"

వాదనలో ఓడిపోవడం నాకు పుట్టుకతో రాలేదు. ఆమె చూడకుండా మామగారి తువ్వాలు, దాంతోపాటు నా చేతిరుమాలు గంగాళంలో వేశాను. చిటికెడు వేసి, కాసేపు ఉంచి, బాగా జాడించాలని చదివిన గుర్తు. చిటికెడుకే తెల్లబడితే డబ్బా అంతా వేస్తే ఎంత తెల్లబడాలి? ఆలస్యం అమృతం విషం అంటారు గాని, నానబెట్టడంలో ఆలస్యమే అమృతమనుకుని తెల్లవారేదాకా వదిలేశాను.

పొద్దున ఆ తువ్వాలు ఎండలో కళ్ళు చెదిరేలా మెరిసింది. దాని మీద వాలడానికి కాకి కూడా మొహమాటపడింది.

"ఎవరు ఉతికినారు దీన్ని?" అన్నారు మామగారు, మురిసిపోతూ.

"నేనే" అన్నారు అత్తగారు, రెప్ప వేయకుండా.

సరే, మా నాన్న వచ్చాక నిజం చెప్పి మెప్పు రాబట్టుకుందామని ఊరుకున్నాను. మామగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మండీలోకి వెళ్ళారు. ఇంటి ముందు భాగమే మండీ. మధ్యలో ఒక తలుపు. కోడళ్ళు దాటకూడని తలుపు.

కాసేపటికి నా చేతిరుమాలు మడత పెడదామని కొసలు పట్టి లాగాను. తడిసిన అప్పడంలా రెండు ముక్కలైంది. ఇంకో కొస లాగాను. అదీ ఊడి చేతికొచ్చింది. ఇదే నీళ్ళలో, ఇదే డబ్బా మందులో, రాత్రంతా ఆ తువ్వాలు!

పరుగున తలుపు సందులోంచి చూశాను. తుగ్గలి ఈరన్న పత్తి అమ్ముకుని గోడకానుకుని ఆకువక్క నములుతున్నాడు. ఇప్పుడు హొళగుంద బసప్ప వంతు. మామగారు తువ్వాలు కప్పారు. బసప్ప చెయ్యి లోపలికి దూరింది. అది చెయ్యి కాదు, నాగటి కర్రు.

"అత్తా, మామకు పాత తువ్వాలు పంపుదాం!"

"ఏం, దీనికేమొచ్చింది?"

"మాసిపోతుంది..."

"మాసిపోనీ. బజారంతా సూడనీ నా ఉతుకు."

"నీ కాళ్ళు మొక్కుతా అత్తా, ఒక్కసారి లోపలికి పిలువు."

"బేరం నడమ పిలిస్తే లచ్చిమి లేసిపోతాదే!"

లచ్చిమి సంగతి తర్వాత, ముందు తువ్వాలు పోయేట్టుంది తల్లీ! ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే బి.ఎస్సీ. పోతుంది, చెప్పకపోతే మామగారి పరువు పోతుంది. నేను నోరు తెరిచే లోపల బసప్ప తెరిచాడు.

"సాలదు సెట్టన్నా."

"ఇంకేం గావాలప్పా నీకు?"

"ఇంకొకటి పట్టు."

తువ్వాలు బిగిసింది. బసప్ప వేలి కణుపు మీద బట్టలో సన్నటి గీత పడింది. ఆ గీతలోంచి వేలు తొంగిచూసింది. మామగారు గుట్టు కాపాడుకోవాలని తువ్వాలును తనవైపు లాక్కున్నారు. సర్రుమంది. సగం ఆయన ఒళ్ళో, సగం బసప్ప ఒళ్ళో. పెళ్ళిలో అడ్డుతెర దించినట్టు మధ్యలో రెండు చేతులు, ఒకదాన్నొకటి పట్టుకుని. నాలుగు వేళ్ళు.

ఈరన్న దవడ ఆగిపోయింది. "సెట్టన్నా! అవి నాలుగు గదా?"

"యాడ నాలుగప్పా..." మామగారు ఒక వేలు మెల్లగా వెనక్కి తీసుకోబోయారు.

బసప్ప వదల్లేదు. "యాడికి తీస్తావు? అందరూ సూసినారు."

"నాకు మూడే పట్టి, ఇంతకు మించి ఇస్తే మునిగిపోతానని కండ్లనీళ్లు పెట్టుకుంటివే!" ఈరన్న లేచాడు. "యాడివి సెట్టన్నా ఆ నీళ్లు? బాయిలో తోడినావా?"

పొద్దుటి నుంచి అమ్మినవాళ్ళంతా బండ్లు దిగి వచ్చారు. మామగారు అందరికీ నాలుగు వేళ్ళూ ఒప్పుకునేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

ఆయన తువ్వాలు ముక్కలు పట్టుకుని లోపలికి వచ్చేసరికి మా నాన్న వచ్చి కూర్చుని ఉన్నాడు. ఎంత మంచి ముహూర్తం!

"ఇది ఉతికింది ఎవరు?"

"కోడలు" అన్నారు అత్తగారు, మళ్ళీ రెప్ప వేయకుండా. నా ముఖం చూసి జాలిపడ్డారో ఏమో, వెంటనే కలిపారు: "దాని తప్పేముంది లే. పెండ్లికి వాళ్ళు పెట్టిన ఎమ్మిగనూరు టవాలే గదా. వాళ్ల నేతే అంత, ఉల్లిపొర."

బతికిపోయాను. నోరు మూసుకుంటే చాలు. కానీ మా ఊరి నేతనా అంటారు!

"ఎద్దును కట్టేసినా తెగదు మా ఊరి తువ్వాలు! డబ్బాడు బ్లీచింగ్ పోసి రాత్రంతా నేను నానబెట్టకపోతే..."

అప్పుడు వినిపించింది నాకు, నేనేమన్నానో. మా నాన్న తల పట్టుకున్నాడు. మండీలోంచి ఈరన్న గొంతు ఖంగున మోగింది.

"ఎవరు తల్లీ ఆ పున్యాత్మురాలు? ఊళ్లో సెట్లందరి టవాళ్లూ నీకే ఏయిస్తాం, ఉతుకమ్మా!"

రైతులందరూ గొల్లున నవ్వారు. మామగారు ఆ తలుపు వంక చూశారు, నా వంక చూశారు, మా నాన్న వంక తిరిగారు.

"బావా, పిల్లను కాలేజీకి పంపుదాం. రేపే. ఇంట్లో పెట్టుకుంటే మండీ నిలబడదు." చేతిలోని తువ్వాలు ముక్కలు మళ్ళీ చూసుకుని, "సైన్సు మాత్రం వద్దు" అన్నారు.

అందుకే నేను చరిత్రలో బి.ఏ. అయ్యాను. మంచి సబ్జెక్టు. ఎవరెంత తెల్లగా ఉతికినా చిరగదు.

ఇంతటితో పాఠకులందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో వ్యాపారస్థుడి తువ్వాలు జోలికి పోను. ఒకవేళ పోవలసి వస్తే, ముందుగా రైతులకు కబురు పెట్టి మరీ పోతాను.